బెల్లం లేని పచ్చడి

నా చిన్నప్పుడు మా ఇంట్లో బెల్లం లేని రోజు ఉండేది కాదు. మా తాతయ్య చెరకు పండించేవాడు. పాకం ఎప్పుడు దించాలో ఆయన చెప్పినట్టు ఇంకెవరూ చెప్పలేరని నర్సీపట్నం చుట్టుపక్కల ఊళ్ళలో పేరు. బెల్లం వండే పెద్ద పెనంలో పాకం పొంగుతుంటే ఓ చుక్క చన్నీళ్ళలో వేసి, వేళ్ళ మధ్య నలిపి చూసి, "దించండి" అనేవాడు. అలాంటి మనిషికి షుగరు జబ్బని తేలింది. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు.

చెరకు మోడు గీసుకుని ఆయన కుడికాలి బొటనవేలి మీద పుండు పడింది. రెండు నెలలైనా మానలేదు. నర్సీపట్నంలో డాక్టరుగారు చూసి మందులు రాశారు. అన్నం బాగా తగ్గించాలి, బెల్లం, దుంపలు ముట్టకూడదు, గుడ్లు, చేపలు, కాయగూరలు, ఆకుకూరలు తినాలి అన్నారు. మా నాయనమ్మ అప్పటికే పోయింది. మా అమ్మ నెలలు నిండి మంచం దిగలేని స్థితిలో ఉంది. అందుకని తాతయ్యకు వండిపెట్టడానికి బలిఘట్టం నుంచి మా మేనత్త వచ్చింది.

మొదటిరోజు అత్త గుప్పెడన్నం పెట్టి, చుట్టూ కూరలు వడ్డించింది. తాతయ్య కంచం కేసి చూసి, "కూడు లేకుండా తిండేటే? నానేటి పశువునా?" అని లేచిపోయాడు. రెండోరోజు బలవంతాన నాలుగు ముద్దలు తిని, నోరు మండి నీళ్ళు తాగాడు. అత్త అప్పుడు ఆలోచనలో పడింది. మన కూరలన్నీ అన్నంలో కలుపుకోడానికి చేసుకున్నవే. అన్నం తీసేస్తే కంచంలో మిగిలేది ఉప్పూ కారమూ. పోనీ పులుసో, పచ్చడో నంజుకుందామంటే మా వైపు వాటిలో బెల్లం ముక్క పడకుండా ఉండదు. తినకూడనివన్నీ డాక్టరుగారు చెప్పారు గానీ, తినగలిగేది ఏమిటో అత్తే వెతుక్కోవలసి వచ్చింది.

ఆమె వెతుకుతూ ఉంది. ఆయన ఆకలితో ఉన్నాడు. మధ్యలో నేను ఉన్నాను.

మధ్యాహ్నం అత్త నడుం వాల్చగానే తాతయ్య నన్ను పిలిచేవాడు. "ఓ గుంటా, సిన్న ముక్క. అత్తకి సెప్పకు." అటక మీద కుండలో బెల్లం ఉండేది. నేను బల్లెక్కి తెచ్చి ఇచ్చేదాన్ని. ఆయన దాన్ని బుగ్గన పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. నన్ను దగ్గరకు తీసుకునేవాడు. ఇంట్లో ఆయన్ని ప్రేమించేది నేనొక్కదాన్నేనని, అత్త కఠినాత్మురాలని నా మనసుకు తోచేది. మొదట రోజుకు ఒక ముక్క, తర్వాత రెండు, మూడు. ఇలా నెల గడిచింది. బొటనవేలు నల్లబడింది. గదిలోకి వెళితే వాసన వచ్చేది.

ఒకరోజు పొద్దున్న అత్త నా చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్ళింది. తాతయ్య ఒంటికి వెళ్ళే గోడవార నేలంతా చీమలు బారులు తీరి ఉన్నాయి.

"కూడు తగ్గించి నెలయింది. ఉచ్చలో తీపికి సీమలు పట్టడం తగ్గలేదు. తీపి ఎవరు పెడతన్నారే?" అంది.

నేను ఏడ్చాను. కొడుతుందనుకున్నాను. తాతయ్య అడిగితే జాలేసిందని చెప్పాను.

"నాకూ జాలేస్తాది," అంది అత్త. "ఆకలేసినోడికి వొట్టి సేత్తో వొద్దని సెప్పకూడదు. సేతిలో ఇంకోటి ఉండాలి. రా, నాతో పాటు నువ్వూ సూద్దువు గాని."

ఆ పూటే కుండ దించి పక్కింటివాళ్ళకు ఇచ్చేసింది. నన్ను పొయ్యి దగ్గర కూర్చోబెట్టింది. ఏది చేసినా ముందు నా నాలుక మీద రాసేది. గోంగూర పచ్చడి నోట్లో పెట్టుకుంటే పళ్ళు పులిశాయి. వేరుశనగ పచ్చడి బాగుంది గానీ తాతయ్యకు కడుపు ఉబ్బింది. ఆవపెట్టిన అరటిదూటకూర ఆయన ఒక పూట తిని మళ్ళీ అడగలేదు. చివరికి వేయించిన నువ్వులు, పచ్చిమిరప, కాస్త చింతపండు కలిపి నూరింది. ఏదో తక్కువైందన్నాను. అత్త ఉల్లిపాయ ముక్కల్ని సన్నటి సెగ మీద ఎర్రగా వేయించి, అందులో వేసి మళ్ళీ నూరింది. ఉల్లిపాయకు కొంచెం తియ్యందనం వచ్చింది. ఆనపకాయ తురుము ఆవిరి మీద ఉడికించి, నీళ్ళు పిండేసి, అన్నంలా కంచంలో పరిచి, ఆ పచ్చడి, ఉడికిన గుడ్డు పెట్టి నా చేతికిచ్చింది.

తాతయ్య కలుపుకుని మొదటి ముద్ద తిన్నాడు. కంచం ఖాళీ చేసి, "ఇంకాస్త ఉందేటి?" అన్నాడు. అత్త గుమ్మం అవతల నిలబడి కొంగుతో ముఖం తుడుచుకుంది.

ఆ తర్వాత ఆయన సరిగ్గానే తిన్నాడు. కానీ అప్పటికే ఆలస్యమైంది. మూడు వారాలకు విశాఖపట్నం తీసుకెళితే, మోకాలి కింద వరకు కాలు తీసేశారు. ఇంటికి వచ్చాక ఆయన చెరకు తోట వైపు చూసేవాడు కాదు. ఏడాది తిరక్కుండానే పోయాడు.

కాలు తీసేసి ఆయన్ని ఇంటికి తెచ్చినరోజు అత్తను అడిగాను, నా వల్లేనా అని. ఆమె పని ఆపి నా ఎదురుగా కూర్చుంది.

"కొంత," అంది. "అడిగినోడు ఆయన. కుండ అటక మీద ఉంచినదాన్ని నేను. పుండు ముందే ముదిరింది. అందులో నీది కొంత. మొత్తం నీదే అనుకోకు. అసలేటీ లేదనీ అనుకోకు."

ఇప్పుడు నాకూ షుగరే. నర్సీపట్నం షాపుల్లో సాసు సీసాలు తిప్పి చదివితే చాలావాటిలో పంచదారే కనిపిస్తుంది. వాటిని అక్కడే పెట్టేసి ఇంటికొచ్చి నువ్వులు వేయించుకుంటాను. అది అత్త నేర్పిన వంట. కానీ ఆమె నుంచి నాకు మిగిలింది అది కాదు. ఆ రోజు ఆమె నన్ను ఊరుకోబెట్టడానికి "నీ తప్పేం లేదమ్మా" అని ఉంటే, నేను నమ్మేదాన్ని కాదు. మొత్తం తప్పు నాదేనని లోలోపల మోస్తూ బతికేదాన్ని. ఆమె నా వంతు ఎంతో అంతే నా చేతిలో పెట్టింది. ఆ కొంతను ఇన్నేళ్ళలో పెరగనివ్వలేదు. తగ్గించుకోనూ లేదు.