ఉల్టా సీదా లేని బట్ట

నా చిన్నప్పుడు ఎండాకాలం వస్తోందంటే మా వాడలో ఎవరికీ మామిడికాయలు గుర్తుకొచ్చేవి కావు, కాళ్లు గుర్తుకొచ్చేవి. ఈసారి నారికురుపు ఎవరికి లేస్తుందోనని పెద్దవాళ్లంతా ఎవరి మడమలు వాళ్లు తడుముకుంటూ కూర్చునేవారు. ఇప్పటి పిల్లలకు ఆ పేరే తెలియదు. తెలియకపోవడమే మంచిది. ముందు కాలి మీద ఒక బొబ్బ లేస్తుంది, నిప్పు పెట్టినట్టు మంట. ఆ బొబ్బ పగిలితే లోపలి నుంచి నూలుపోగులాంటి తెల్లటి పురుగు తల బయట పెడుతుంది. దాన్ని ఒక పుల్లకు చుట్టి రోజుకు కొంచెం చొప్పున లాగాలి. తొందరపడితే లోపలే తెగుతుంది. ఇక కాలు వాచి, చీము పట్టి, ఆ మనిషి మంచం దిగడు.

మాది సిరిసిల్లకు అవతల, రుద్రంగి దారిలో ఒక ఊరు. మా వాడంతా బట్టలు నేసే సాలోళ్ల ఇండ్లే. అప్పట్లో మగ్గం నేలలో తవ్విన గుంట మీద ఉండేది. నేసేవాడు గుంటలోకి కాళ్లు దించి కూర్చుని, కింది చెక్కలు తొక్కితేనే మగ్గం ఆడుతుంది. చేతులు ఎంత బాగున్నా ఏం లాభం, కాలు లేవకపోతే బట్ట లేదు. మా బాపుకు, అంటే నాన్నకు, ఆ పాడు పురుగు ఏటేటా సరిగ్గా పాదంలోనే లేచేది. ఆయన మంచం మీద కాలు చాపుకుని మూలుగుతుంటే ఇంట్లో మగ్గం చప్పుడు ఉండేది కాదు, పొయ్యి మీద జొన్నగటక తప్ప మరొకటి ఉండేది కాదు. ఇంకో ఎండాకాలం ఇట్లాగే గడిస్తే ఆ కాలు మళ్లీ చెక్క తొక్కదని వైద్యం తెలిసిన వాళ్లు అన్నారు. అప్పటి నుంచి మా నాయనమ్మ కనపడిన దేవుడికల్లా మొక్కేది.

అదిగో, అలాంటి రోజుల్లో మా ఊరికి ఒక డాక్టరమ్మ వచ్చింది. కృష్ణా జిల్లా మనిషి. జబ్బు ఎక్కడ పుడుతుందో వెతకడం, దానికి ఏ ఉపాయం పనిచేస్తుందో, ఏది పనిచేయదో తేల్చడం ఆమె ఉద్యోగం. సూదిమందు వేస్తుందని ఆశపడి పోగైన మా వాళ్లకు ఆమె సంచిలో ఒక భూతద్దం, ఒక గాజు గ్లాసు మాత్రమే కనపడ్డాయి. అందరి మొహాలూ వాడిపోయాయి.

ఆమె మా మెట్లబావి నీళ్లు గ్లాసులో పట్టి ఎండకు ఎత్తి చూపించింది. నీళ్లలో సన్నటి తెల్లని నలుసులు ఎగిరెగిరి పడుతున్నాయి. పురుగు లేచిన మనిషి మంటకు ఆగలేక బావి మెట్లు దిగి కాలు నీళ్లలో పెడతాడు. అప్పుడు ఆ పురుగు కంటికి కనపడని పిల్లల్ని నీళ్లలోకి వదులుతుంది. వాటిని ఈ నలుసులు తింటాయి, నలుసుల్ని మనం తాగుతాం. ఏడాది తిరిగేసరికి పిల్ల పురుగు పెద్దదై మన కాలిలోంచే బయటికొస్తుంది. ఇదంతా ఆమె మాకు కథ చెప్పినట్టు చెప్పింది. దీనికి మందు లేదు, పురుగు లేచినవాళ్లు బావిలోకి దిగకూడదు, మిగతావాళ్లు నీళ్లను బట్టతో వడకట్టి తాగాలి, అంతే అంది.

"సాలోళ్ల వాడకొచ్చి బట్ట గురించి చెప్పవడితివా, తల్లీ!" అని మా నాయనమ్మ పకపకా నవ్వింది.

కానీ డాక్టరమ్మ ఒక మెలిక పెట్టింది. మా వీధిలో ఒక వరుస ఇండ్లవాళ్లు మాత్రమే వడకట్టాలట, ఎదురు వరుసవాళ్లు ఒక ఏడాది ఆగాలట. ఎదురింటి అత్త కొంగు నడుముకు చుట్టి కొట్లాటకు దిగింది. "మేమేం పాపం జేసినమమ్మా? మాయి కాళ్లు గావా?" అని నిలదీసింది. అందరూ ఒకేసారి మొదలుపెడితే, తగ్గింది బట్ట వల్లో ఆ ఏటి వానల వల్లో తనకెలా తెలుస్తుందని డాక్టరమ్మ ఓపిగ్గా బతిమాలింది. పనిచేస్తుందని తేలిన రోజే వాళ్లకూ చెబుతానని మాటిచ్చింది. మాది వడకట్టే వరుస. అబ్బో, ఆ ఏడాదంతా మా గర్వం చూడాలి!

ఆ మరుసటి ఎండాకాలమే అరవై తొమ్మిది. బడులు మూతపడ్డాయి, బస్సులు ఆగిపోయాయి. జగిత్యాలలో చదువుకుంటున్న మా కాక, అంటే బాపు తమ్ముడు, కాలేజీ బంద్ అయి ఇంటికొచ్చాడు. జై తెలంగాణ అని అరిచి అరిచి ఆయన గొంతు బొంగురుపోయింది. ఆయన వెనకాల మా పిల్లల దండు కూడా వీధులన్నీ తిరిగేది. అంత హుషారులో మా ఇంట్లో పిడుగు పడింది. బాపు పాదానికి మళ్లీ బొబ్బ లేచింది.

మా ఒక్క ఇంట్లోనే కాదు. వడకట్టిన వరుసలోనూ, వడకట్టని వరుసలోనూ ఎప్పటిలాగే కురుపులు లేచాయి. నాయనమ్మ వడకట్టే బట్టను తీసి మూలకు విసిరికొట్టింది. కాక అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "ఆంధ్రోళ్లను నమ్మితే గిట్లనే ఉంటదే అవ్వా. నౌకరీలు వాళ్లకే, నీళ్లు వాళ్లకే. ఆఖరికి మన కాళ్ల మీద గూడ వాళ్ల ఆటలేనా? రానీ, ఉల్టా బండి ఎక్కిస్త," అని నాయనమ్మతో అన్నాడు. దోస్తులను కూడేసుకుని ఊరి మొగదల్లోనే కాపు కాశాడు.

బస్సులు లేకపోయినా ఆమె ఎడ్లబండి మాట్లాడుకుని వచ్చింది. కాక వాళ్లు దారికి అడ్డం నిలబడ్డారు. ముందు కాళ్లు చూడనివ్వండి, తర్వాత మీరే పంపించండి అని బండి దిగింది. రెండు వరుసల్లోనూ ఇల్లిల్లూ తిరిగి అందరి కాళ్లూ చూసింది. మా బాపు పాదం దగ్గర చాలాసేపు కూర్చుంది. తర్వాత మా అరుగు మీద నిలబడి, ఎవరూ అడగకముందే అందరికీ వినపడేలా అంది.

"నేను చెప్పింది జరగలేదు. వడకట్టినవాళ్లకీ వచ్చింది, వడకట్టనివాళ్లకీ వచ్చింది. పైవాళ్లకి కూడా ఇలాగే రాస్తాను. కానీ ఎందుకు జరగలేదో తెలుసుకోకుండా పోవడానికి నాకు మనసు ఒప్పట్లేదు. ఒక్కరోజు ఉండనివ్వండి."

కాక దోస్తులను పక్కకు జరగమన్నాడు. సర్కారు మనిషి వచ్చి మా పని చెడిందని తనంతట తాను చెప్పడం ఆయన పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఆయనే కాదు, మా ఊళ్లో ఎవరూ చూడలేదు.

తెల్లారి ఆమె మా కుండల దగ్గర పీట వేసుకుని కూర్చుంది. నిరుడు వడకట్టినట్టే ఈరోజూ వడకట్టమని నాయనమ్మను అడిగింది. నేను పక్కనే నిలబడి చూస్తున్నాను. నాయనమ్మ మొదటి కుండ మూతికి బట్ట కట్టి బావి నీళ్లు పోసింది. కుండ నిండగానే ఆ తడిబట్ట తీసి రెండో కుండకు కట్టింది, ఏ వైపు చేతికొస్తే ఆ వైపు పైకి పెట్టి. డాక్టరమ్మ చటుక్కున లేచి నిలబడింది. ఇందాక పైన ఉన్నది ఈ వైపేనా అని అడిగింది.

నాయనమ్మకు రోషం వచ్చేసింది. "ఉల్టా ఏంది, సీదా ఏంది బిడ్డా? మా నేతకు రెండు దిక్కులు ఒక్కతీర్గనే ఉంటయి. ఏ దిక్కయితేంది?"

అది నిజమే. రెండు వైపులా ఒకేలా ఉండటమే మా వాడ పరువు. ఒక వైపు ముడి కనపడినా, పోగు తేలినా ఆ బట్ట నేసినవాడు నలుగురిలో తలెత్తుకోలేడు. సాలోళ్లకు మాత్రమే రాగల పొరపాటు అది. వేరేవాళ్లయితే బట్టకు పైన ఏది, కింద ఏది అని ఒక్కసారైనా చూసుకుని ఉండేవాళ్లేమో.

డాక్టరమ్మ గుప్పెడు నువ్వులు అడిగింది. వాటిని నీళ్లలో కలిపి బట్ట మీద పోసింది. నీళ్లు కుండలోకి దిగాయి, నువ్వులు పైన మిగిలాయి. అప్పుడు ఆ బట్టను తిరగేసి ఇంకో కుండకు కట్టి, మంచినీళ్లు పోసి, బట్ట విప్పి నన్ను లోపలికి చూడమంది. కుండ నిండా నువ్వులు తేలుతున్నాయి! నేను కేక పెట్టాను. ఒకరి మీద ఒకరు పడి వీధంతా ఆ కుండలోకి తొంగి చూసింది. ఎదురింటి అత్త అయితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అట్లాగే కూలబడిపోయింది.

"ఒక కుండలో పడకుండా ఆపినవాటిని ఇంకో కుండలో మనమే కడిగి పోసుకున్నాం," అంది డాక్టరమ్మ. "ఏ వైపు పైన ఉండాలో నేను చెప్పలేదు. చెప్పాలని నాకు తోచనే లేదు. తప్పు మీది కాదు, నాది."

"నీది ఒక్కదానిదే ఏంది బిడ్డా, మా మిడిసిపాటుది గూడ," అంది నాయనమ్మ. ఆమె అట్లా దిగివచ్చి మాట్లాడటం నేను మొదటిసారి విన్నాను.

అప్పుడు మంచం మీద నుంచి బాపు గొంతు వినపడింది. ఉల్టా సీదా లేకపోతే పెట్టుకుందాం అన్నాడు. నేసేటప్పుడు ఎర్రపోగు ఒకటి పై వైపు మాత్రమే తేలేలా వేస్తే సరి, ఎరుపు కనపడే వైపు ఎప్పుడూ ఆకాశం చూడాలి, చిన్నపిల్లలు కూడా మరిచిపోరు. ఆలోచన బాగానే ఉంది, నేసేదెవరు? బాపు పాదం పిండికట్టు కట్టినంత లావుగా వాచి ఉంది. కాలేజీలో చేరాక మగ్గం వైపే చూడని మా కాక ప్యాంటు మోకాళ్లదాకా మడిచి గుంటలోకి దిగాడు. పడుగు పోగుల మధ్య అటూ ఇటూ విసరాల్సిన నాడె మొదటి విసురుకే జారి బయట పడింది.

"తమ్మీ, నాడె ఇసురు, నినాదం గాదు!" అని బాపు అరిచాడు. అంత నొప్పిలోనూ ఆయన నవ్వుతున్నాడు. ఇల్లంతా నవ్వింది.

ఆ బట్టలు ఎదురు వరుసవాళ్లు కూడా ఆగకుండా పట్టుకుపోయారు. తన పరీక్షంతా చెడగొట్టేశారని డాక్టరమ్మ మెత్తగా కోప్పడింది, కానీ ఆ మొహంలో కోపం ఎక్కడా లేదు. చందుర్తి దిక్కున ఇట్లాంటి మెట్లబావి ఉన్న ఊరొకటి ఉందట, అక్కడివాళ్లు ఇంకా వడకట్టడం లేదు కాబట్టి ఆ ఊరితో పోల్చి చూసుకుంటాను అంది. ఆమెను ఉల్టా పంపిస్తానన్న కాకే సైకిల్ మీద ఆ ఎడ్లబండి పక్కన పోయి దారిలో ఎవరూ ఆపకుండా దాటించి వచ్చాడు.

ఆ ఏడాది మేం తాగే నీళ్లను చూసుకున్నంతగా దేన్నీ చూసుకోలేదు. ఎరుపు కిందికి పెడితే చిన్నపిల్లలమే పెద్దవాళ్ల మీద కేకలు వేసేవాళ్లం. మళ్లీ ఎండలు ముదిరేసరికి ఎవరికీ నిద్ర పట్టలేదు. బాపు రోజూ పొద్దున్నే పాదం తడుముకునేవాడు, మేం ఆయన మొహం చూసేవాళ్లం.

డాక్టరమ్మ వచ్చిన రోజు వీధివీధంతా అరుగుల మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. ముసలివాళ్లు, చంటిపిల్లలు, అందరూ. ఆమె ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఒక్కో కాలూ వేళ్లతో నొక్కుతూ పోయింది. ఎదురు వరుస కూడా అయిపోయాక మా ఇంటి ముందుకొచ్చి నిలబడింది. "ఒక్కటి కూడా లేదు," అంది. అనగానే ఆమెకు ఏడుపొచ్చింది. అంతే! కాక ఎక్కడి నుంచో డప్పు పట్టుకొచ్చాడు. ఎదురింటి అత్త డాక్టరమ్మ రెండు చేతులూ పట్టుకుని గిరగిరా తిప్పింది. నాయనమ్మ ఏ దేవుడికి ఏం మొక్కిందో మరిచిపోయి అందరికీ బెల్లం పంచింది. మా బాపు మగ్గం గుంటలోకి దిగి, రెండు కాళ్లతో చెక్కలు తొక్కుతూ, ఆ చప్పుడు వీధి చివరిదాకా వినపడేలా నేశాడు. మా వాడ అంత గొప్పగా గెలిచిన రోజును నేను మళ్లీ చూడలేదు.

చందుర్తి దిక్కు ఊళ్లో మాత్రం ఆ ఏడూ కురుపులు లేచాయి. అది విని బాపు వారం తిరగకుండానే ఎర్రపోగు బట్టల మూట భుజాన వేసుకున్నాడు, నన్నూ వెంట తీసుకుని నడిచే పోయాడు. ఆ ఊరి జనం పోగయ్యారు. మా ఊరి సంబరమంతా ముందు చెబుతాడని నేను ఉబలాటపడుతున్నాను. ఆయన పాదాలు చూపించి మొదలుపెట్టిన మాట ఇది: "మొదటి ఏడు మాకు ఇది పనిచెయ్యలే. ఎందుకు చెయ్యలేదో ముందుగాల అది చెప్త, ఇనుండ్రి."

పెద్దయ్యాక నేను నర్సునయ్యాను. జగిత్యాలలో, కోరుట్లలో ఎన్నో వార్డులు తిరిగాను. కొత్త మందు వేసిన మనిషి ఎట్లా ఉన్నాడని డాక్టర్లు అడిగితే, తగ్గని నొప్పి గురించి, పెరిగిన వాపు గురించి ముందు చెప్పి, ఆ తర్వాతే మంచి చెప్పేదాన్ని. అందుకు కసురుకున్నవాళ్లున్నారు, అపశకునం మనిషినని పేరు పెట్టినవాళ్లూ ఉన్నారు. పెడితే పెట్టనీ. పనిచేయలేదన్న మాట డాక్టరమ్మ మొదట చెప్పినందుకే కదా, మా బాపు తన కాళ్ల మీద తాను నడిచి ఆ ఊరికి పోయాడు.