కాక కట్టిన ముందు చక్రం

మా సైకిల్ కాక చనిపోయాడు. ఆ సోమవారం పొద్దున నేను టిఫిన్ డబ్బా సర్దుకుంటుంటే అమ్మ ఫోన్ చేసి చెప్పింది. నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, భయం. ఆయనకు చెప్పాల్సిన మాట ఒకటి నా దగ్గర ఉండిపోయింది. ఇక చెప్పడానికి మనిషి లేడు.

ఆయన మాకు చుట్టం కాదు. నల్గొండ దిక్కు పల్లె నుంచి వచ్చి, దిల్‌సుఖ్‌నగర్ నుంచి గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌కు పోయే సందులో సైకిల్ దుకాణం పెట్టుకున్నాడు. దుకాణం వెనకే వాళ్లిల్లు, దాని పక్కన మా అమ్మవాళ్లది. హమాలీల సైకిళ్లకు పంక్చర్లు వేయడం ఆయన బతుకుదెరువు. ఇష్టం మాత్రం చక్రం కట్టడం మీదే. ఖాళీ రిమ్ముకు ఒక్కో స్పోకూ ఎక్కించి, బిగించి, వేలితో మీటి, చెవి దగ్గర పెట్టి వినేవాడు. మధ్యలో ఎవరు పలకరించినా పలికేవాడు కాదు.

ఏ సైకిల్ వచ్చినా ముట్టుకోకముందే ఒక మాట అడిగేవాడు.

"ఏమైందో ఉన్నదున్నట్టు చెప్పు. సైకిల్ అబద్ధమాడదు."

దానంతట అదే వంగిందని ఎవరైనా బుకాయిస్తే, రిమ్ము ఒక్కసారి తిప్పి చూసి, ఏ వైపు నుంచి రాయి తగిలిందో చెప్పేసేవాడు. వాళ్లు నాలిక కరుచుకునేవాళ్లు.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. నేను డిగ్రీ చదువుతూ రేసు సైకిల్ తొక్కేదాన్ని. రాష్ట్ర జట్టుకు ఎంపికైతే స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వస్తుందని ఇంటిల్లిపాదీ ఆశ పెట్టుకున్నాం. నాన్న ఆటో నడిపేవాడు. సెకండ్ హ్యాండ్ సైకిల్ కొనిపెట్టేసరికే ఆయన నడుం విరిగింది. దాని చక్రాలు రెండూ అరిగిపోయాయి. మా దగ్గరున్న డబ్బుకు ఒక్క మంచి చక్రమే వస్తుంది.

కాక నన్ను జుమ్మేరాత్ బజార్‌కు తీసుకెళ్లాడు. పాత సామాను గుట్టల మధ్య నల్లగా నిగనిగలాడే చక్రాల జత ఒకటి చూసి నేను అక్కడే ఆగిపోయాను. స్పోకులు తక్కువ, బరువు తక్కువ. కాక చక్రం నడిమి హబ్బు తిప్పి, చెవి దగ్గర పెట్టి, పెదవి విరిచాడు. లోపలి బేరింగు గోలీలు అరిగిపోయాయట. నా మొహం చూసి నవ్వాడు. "తేలిక కావాల్నంటే నువ్వు రెండు పూరీలు తక్కువ తిను. స్పోకులు మాత్రం తక్కువ చెయ్యకు."

ఆయన లెక్క వేరు. "ముంగటి చక్రం దారి చూపుతది, ఎనకది బరువు మోస్తది. పైసలు మోసేదానికి పెట్టాలె." అలా వెనక చక్రానికి హబ్బు, రిమ్ము కొత్తవి కొనిపించాడు. ముందు చక్రాన్ని పాత రిమ్ముతోనే మళ్లీ కట్టాడు. కట్టిన కూలి తీసుకోలేదు. కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడి ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించి తొక్కించాడు.

బంద్ అంటే ఊరందరికీ పరేషాన్, నాకు పండగ. ఎల్బీనగర్ చౌరస్తా దాటితే అబ్దుల్లాపూర్‌మెట్ దాకా హైవే అంతా నాదే. కాక అది కనిపెట్టి నాతో ఒట్టు వేయించుకున్నాడు. టైర్లు కాలబెట్టిన చోటికి పోవద్దన్నాడు, రబ్బరు కాలిపోయినా లోపలి ఇనుప తీగ మిగులుతుందన్నాడు.

ఎంపిక పోటీకి రెండు రోజుల ముందు బంద్. నేను ఆగలేదు. తిరిగొస్తుంటే చౌరస్తా దగ్గర కాలిన టైరు తీగలు కనిపించాయి. తప్పించబోయి అడ్డంగా పెట్టిన రాయికి కొట్టాను. ముందు రిమ్ము వంగింది. కాక దుకాణం మూసి ఉన్నా ఇంటి తలుపు తట్టొచ్చు. పది నిమిషాల పని ఆయనకు. కానీ ఒట్టు తప్పానని తెలిస్తే ఏమంటాడో! మా పెరట్లో కూర్చుని, స్పోకులు తిప్పే చిన్న ఇనుప తాళంతో నాలుగింటిని బలవంతంగా బిగించి వంపు లాగేశాను. చూపుకు సాఫుగానే ఉంది. ఒక్క పోటీయే కదా అనుకున్నాను. సిగ్గులేని తెలివి.

పోటీలో మొదటి మలుపులోనే ఆ నాలుగు స్పోకులూ తెగాయి. చక్రం మడత పడింది. నా మెడ కింది ఎముక విరిగింది. దవాఖానలో నాన్న కాక మీద ఎగబడ్డాడు. పాత రిమ్ము అంటగట్టి బిడ్డ బతుకు నాశనం చేశావన్నాడు. కాక తల వంచుకుని, "తప్పు నాదే అన్నా. ముంగటిది గూడ కొత్తది ఇప్పియ్యాల్సింది" అన్నాడు. నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను.

ఎముక వంకరగా అతుక్కుంది. ఉద్యోగం లేదు, సైకిలూ లేదు. ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల దుకాణంలో బిల్లులు కొడుతున్నాను. కాక ఆ తర్వాత ఒక్క రేసు చక్రం కూడా కట్టలేదు. నేను అటుగా పోతే మాత్రం పని ఆపి అడిగేవాడు.

"ఇంకేమన్న చెప్పేదుందా బిడ్డా?"

ఏం లేదు కాకా అనేదాన్ని. తెలంగాణ వచ్చిన రోజు సందంతా గులాల్. నా నుదుటికింత పూసి, మళ్లీ అదే అడిగాడు. మాట నోటిదాకా వచ్చింది. డప్పులు మోగుతుంటే మింగేశాను. ఆ పండగ పూట ఆయన మొహం ఎందుకు చెడగొట్టాలని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

దినాలకు వెళ్లాను. చిన్నమ్మ, అంటే కాక భార్య, దుకాణం షట్టర్ ఎత్తించింది. గోడకు ఆ మడత పడిన చక్రం వేలాడుతోంది.

"అమ్మనియ్యలే, పారెయ్యనియ్యలే. యాడ తప్పయిందో మీ కాకకు ఆఖరి దాకా తెల్వలే బిడ్డా" అంది.

ఆమె లోపలికి వెళ్లాక దగ్గరికి పోయి చూశాను. రాయి తగిలిన చోట రిమ్ము మీద సుద్దముక్కతో చిన్న సున్నా చుట్టి ఉంది. నా తాళం నలిపేసిన నాలుగు స్పోకుల మొదళ్లలో నాలుగు గీతలు. చెరిగినప్పుడల్లా మళ్లీ గీసినట్టు, గీత మీద గీత. ముట్టుకుంటే వేలికి తెల్లగా అంటింది.