బోర్లా పడుకున్న రోజులు

ఇది పందొమ్మిది వందల ముప్ఫైల నాటి మాట. నా వీపు మీద, వెన్నెముకను ఆనుకుని, కోడిగుడ్డంత గడ్డ లేచింది. ఊళ్ళో వాళ్ళు వేసిన పట్లూ కట్లూ ఏవీ పనిచెయ్యలేదు. చివరికి ఏలూరు ఆస్పత్రిలో డాక్టరు దొరసాని చేత కోయించారు. పుండు పూర్తిగా మానేదాకా వెల్లకిలా పడుకోకూడదనీ, వంగకూడదనీ, బిందె ఎత్తకూడదనీ ఆవిడ మా ఆయనకు గట్టిగా చెప్పి పంపింది. ఎడ్లబండి ఎక్కితే గతుకులకు కుట్లు తెగుతాయని భయపడి, కాలవ మీద పడవలో పరుపు వేసి, నన్ను బోర్లా పడుకోబెట్టి, ఉంగుటూరు దగ్గర మా అత్తవారి ఊరికి చేర్చారు.

మా అత్తవారింట్లో కోడలు పగటిపూట నడుం వాల్చడం ఎవరూ ఎరగరు. అలాంటిది వసారాలో, గాలి బాగా తగిలే చోట, నాకు మంచం వేశారు. పొయ్యి దగ్గర పొగ లేదు, కాలవకు వెళ్ళి నీళ్ళు మోసేది లేదు. నొప్పి రోజురోజుకీ తగ్గుతూ వచ్చింది. సుఖం మాత్రం అలాగే ఉంది.

పరామర్శకు వచ్చినవాళ్ళకు నా వీపే గాని మొహం కనిపించేది కాదు. దిండులో తల పెట్టుకుని పలక్కుండా ఉంటే, పాపం నిద్దరోతోంది అనుకుని, నా మీదుగా కబుర్లు మొదలుపెట్టేవారు. నా వీపులోంచి తీసింది గడ్డ కాదనీ, కప్పలాంటిదేదో ఉంటే దొరసాని సీసాలో దాచిందనీ ఒకావిడ చెప్పింది. సీసాలో కాదు, ఓడ మీద వాళ్ళ దేశం పంపించేసిందని ఇంకొకావిడ దిద్దింది. ఎదురింటావిడైతే, మొగుడికి తెలియకుండా కొన్న పట్టుచీర ధాన్యం గాదె వెనక దాచానని కూడా చెప్పేసింది. నవ్వు ఆపుకోలేక దిండు కొరుక్కునేదాన్ని.

ఒకరోజు మా అత్తగారే ఆ ఎదురింటావిడతో, మా కోడలి పులుసు తిన్న నోళ్ళకి నా పులుసు సయించట్లేదు అన్నారు. నేను కాపురానికి వచ్చిన నాటినుంచీ ఆవిడ నోట బాగుందన్న మాట వినలేదు. ఆ రోజు నుంచి నాకు నిద్ర మరీ ఎక్కువైంది.

ఒక ఉదయం కొల్లేటి నుంచి చేపలావిడ మంచి కొర్రమీను తెచ్చింది. అత్తగారు నా మంచం పక్కనే బేరమాడి తీసుకున్నారు. పులుసు ఉడికేటప్పుడు గరిటె పెట్టి బాగా కలియబెడతాననీ, అలా అయితే ముక్క మెత్తబడుతుందనీ చేపలావిడతో అంటున్నారు. నాకు ప్రాణం ఉసూరుమంది. ఓర్చుకుందామనుకున్నాను గాని నోరు ఊరుకోలేదు.

“గరిటె పెట్టకండి అత్తయ్యగారూ, ముక్క చెదిరిపోతుందండీ.”

చేపలావిడ పకపకా నవ్వుతూ బుట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది. అత్తగారు నెమ్మదిగా వచ్చి మంచం పట్టె మీద కూర్చున్నారు.

“నిద్దట్లో కూడా వంట చేస్తావేమే? నిద్రపోయేవాళ్ళ కాలి బొటనవేలు అలా ఆడదు. మొదటి రోజే చూశాను.”

నా చెవులు కాలిపోయాయి. మరి పులుసు గురించి అన్న మాట నేను వినాలనే అన్నారాండీ అని అడిగాను.

“కొన్ని నువ్వు వినాలని అన్నాను. కొన్ని నిజం. ఏది ఏదో నువ్వే తేల్చుకో.”

ఇక చీవాట్లు పడతాయనుకున్నాను. ఆవిడ గొంతు తగ్గించి, శుక్రవారం మా మామగారి అక్కగారు తాడేపల్లిగూడెం నుంచి వస్తున్నారనీ, నన్ను మాత్రం ఇలాగే నిద్రపొమ్మనీ చెప్పారు. ఆ అక్కగారు వచ్చినప్పుడల్లా ఈ ఇంట్లో ఏదో ఒకటి తగ్గేది. ఒకసారి ఇత్తడి గుండిగ, ఒకసారి ఉయ్యాలబల్ల. తల్లి లేని తనను పెంచిన అక్క కాబట్టి మామగారు కాదనలేరు.

శుక్రవారం అక్కగారు బండి దిగి, నా వీపు చూసి నిట్టూర్చి, అత్తగారు దొడ్లోకి వెళ్ళేదాకా ఆగి, తమ్ముణ్ణి పిలిచింది.

“ఒరే తమ్ముడూ, మీ ఆవిడ ఒక్కతీ ఎంతకని చేస్తుంది? ఆ నల్లగేదెని మా ఇంటికి తోలించెయ్యి. అమ్మాయి లేచాక చూసుకుందాం.”

మామగారు గొంతు సవరించుకుని, రేపు పాలేరుతో చెబుతాలే అన్నారు. అది అప్పుడే ఈనిన గేదె. జావ తాగించడానికి అత్తగారు వచ్చినప్పుడు, ఉన్నదున్నట్టు ఆవిడ చెవిలో వేశాను.

మర్నాడు చద్దన్నాల దగ్గర అత్తగారే మొదలుపెట్టారు.

“వదినగారూ, దొరసాని ఏమందో మీకు చెప్పనేలేదు కదండీ. పుండు మానేదాకా అమ్మాయి ఒక్క గేదె పాలే తాగాలంట. గేదె మారకూడదంట. మా నల్లగేదె పాలు దానికి బాగా పడ్డాయి.”

దొరసాని అలాంటి మాటేదీ అనలేదు. మామగారు కంచంలోంచి తల ఎత్తకుండా, అవునక్కా, మరిచేపోయాను అన్నారు. ఆయన గొంతులో ఎంత నిశ్చింతో!

అక్కగారు మాత్రం తక్కువదా? అలాగైతే ఆ పాలేవో నా చేత్తోనే తాగిస్తాను అని, వెళ్ళాల్సిన మనిషి ఉండిపోయింది. నాకు గేదెపాల వాసనే గిట్టదు. పొద్దునా సాయంత్రం చెంబుడు పాలు, పైన వేలెడు మీగడతో, మంచం దగ్గరికి వచ్చేవి. పక్కకి ఒత్తిగిలి గుక్కగుక్కకీ కళ్ళు మూసుకుని తాగేదాన్ని. దొరసాని మాట కదమ్మా, అడుగు దాకా తాగు అనేదావిడ, తియ్యగా. అత్తగారు గుమ్మంలో నిలబడి, పమిట చెంగు నోట్లో కుక్కుకునేవారు. కాదంటే గేదె పోతుంది, తాగితే నా ప్రాణం పోతుంది.

అక్కగారు వెళ్ళిన రోజున అత్తగారే కొత్త ఆవకాయ జాడీ ఒకటి బండిలో పెట్టించారు. అంత దూరం వచ్చిన మనిషిని ఉత్త చేతుల్తో పంపకూడదన్నారు. నల్లగేదె మా దొడ్లోనే ఉంది.

పుండు మానాక అత్తగారే నన్ను ఏలూరు తీసుకెళ్ళారు. దొరసాని వీపంతా తడిమి చూసి, బాగా మానిందనీ, ఒళ్ళు కూడా చేశాననీ మెచ్చుకుని, ఇక పనులు చేసుకోవచ్చంది. ఆ మాట వినగానే వసారాలోని నా మంచం కళ్ళముందు మెదిలింది.

తిరిగి వచ్చేటప్పుడు, అవసరం లేకపోయినా, పడవలో నాకోసం పరుపు వేసి ఉంది. నేను కూర్చోగలనండీ అన్నాను. అత్తగారు పరుపు వంక చూసి, పడవవాడి వంక చూసి, “అయితే నేనూ కాసేపు చూస్తాను, ఎలా ఉంటుందో” అంటూ నడుం వాల్చారు. పట్టపగలు ఆవిడ పడుకోగా చూడటం నాకు అదే మొదటిసారి. గట్టు మీద మనుషులు పడవను లాగుతూ నడుస్తున్నారు. కాలవ లాకు దాటకముందే ఆవిడకు గురక పట్టింది. మా ఊరి రేవు వచ్చినా నేను వెంటనే లేపలేదు.