ముదిగుబ్బ బస్సులో మనిషి

పోయిన వారం హిందూపురంలో ఒక ఆస్పత్రి హాల్లో కూర్చుని, గోడమీది టీవీలో టోకెన్ నంబర్లు ఒక్కొక్కటే మారుతుంటే చూస్తున్న నాకు, ముప్పై ఏళ్ళ కిందట నా నోటితో నేనే చంపిన ఒక మనిషి మళ్ళీ ఎదురైంది. కంగారు పడకండి, ఆమె అసలు పుట్టనే లేదు. పుట్టించిందీ నేనే, బస్సెక్కించి చంపిందీ నేనే. ఇంతకాలం ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. నా ఈడు వాళ్ళలో ఇలాంటిదేదో ఒకటి కడుపులో దాచుకోని వాళ్ళు తక్కువ కాబట్టి, మీకు చెబితే తిట్టుకున్నా అర్థం చేసుకుంటారని ఇప్పుడు చెబుతున్నాను.

ఆ రోజు నా కుడిపక్కన, రెండో కాన్పుకు పెనుకొండలోని మా ఇంటికి వచ్చిన నా కూతురు, ఎడమపక్కన మాకు తోడుగా ధర్మవరం నుంచి వచ్చిన మా చెల్లెలు కూర్చున్నారు. నా కూతురికి మొదటి కాన్పు ఆపరేషన్. రెండోదైనా నార్మల్‌గా కనాలని దానికి పట్టుదల, అందుకోసం కడుపుతో మూడు ఆస్పత్రులు తిరిగింది. మొదటిచోట ఇది నోరు తెరవకముందే డాక్టరు కేలండర్ అందుకుంది. రెండోచోట అయ్యవారి దగ్గర మంచి ఘడియ రాయించుకుని రమ్మన్నారు. మూడోచోట, ఇంకా చదువుకుంటున్న పిల్లలా కనిపించే ఒక డాక్టరమ్మ పాత ఆపరేషన్ కాగితం అడిగి తీసుకుని, మొదటిసారి ఎందుకు కోశారో, కోత ఎటు పెట్టారో, నడుమ ఎన్నేళ్ళు గడిచాయో నిదానంగా చూసి, ప్రయత్నిద్దాం, మాట మాత్రం ఇవ్వను, రక్తమూ థియేటరూ సిద్ధంగా పెట్టుకునే నీ పక్కన కూర్చుంటాను, బిడ్డ గుండె తగ్గిందంటే మాత్రం మిమ్మల్ని బతిమాలుతూ కూర్చోను, కోసేస్తాను అంది. నా కూతురు బయటికొచ్చి మెట్లమీద కూర్చుని సంతోషంతో ఏడ్చింది. ఇంత తెలివిగా డాక్టర్ని వెతుక్కున్నందుకు నాకూ గర్వంగానే ఉండింది.

ఆ డాక్టరమ్మ దగ్గరికి మేము రెండోసారి వెళ్ళింది పోయిన వారం. ఎనిమిదో నెల దాటింది. బీపీ చూసే ఆయా నా కూతురి చేతికి పట్టీ చుడుతూ, పాత కోత సంగతి, నార్మల్ సంగతి రెండూ రాబట్టి, గొంతు తగ్గించి మొదలుపెట్టింది.

"వద్దు తల్లీ. ముదిగుబ్బ కాడ ఒకామెకి ఇట్లనే బస్సులో కుట్లు తెగిపోయినాయి. పచ్చచీర కట్టుకోనుండె. పక్కన పెద్దబిడ్డ బోండా కావాలని ఏడుస్తాండాది, తల్లి ఆడికాడికే పాయ."

ఆ పచ్చచీర నేను కట్టబెట్టిందే. ఆ బోండా కూడా నాదే.

ఆ రోజుల్లో నేను ఇదే హిందూపురంలో ఒక నర్సింగ్ హోంలో పనిచేసేదాన్ని. పదో తరగతి తప్పినదాన్ని, ఆయాగా చేరి, ఊడ్చి, బట్టలు ఉతికి, చూసి చూసి సూది వేయడం నేర్చుకున్నాక జనం నన్ను నర్సమ్మా అనడం మొదలుపెట్టారు, నేను కాదనలేదు. ఎర్రగచ్చు నేల, ఫినాయిల్ వాసన, వరండా తీగమీద ఆరేసిన పసిబట్టలు, మడకశిర వైపు నుంచి వచ్చే ఆడవాళ్ళ సగం తెలుగు సగం కన్నడం మాటలు, ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే ఆ వరండాలో ఏ బండ పగిలి ఉండేదో చెప్పగలను. ఇప్పటివాళ్ళలాగా డాక్టర్ని ఎంచుకోవడమనే మాటే మాకు తెలియదు. ఏ ఆస్పత్రిలో మన మనిషి ఉంది అని చూసేవాళ్ళు, అంతే. లోపలికి తొందరగా పంపించడానికి, వేడినీళ్ళు తెచ్చివ్వడానికి, డాక్టరు ఇంగ్లీషులో అన్నదాన్ని తెలుగులో చెప్పడానికి ఒక మనిషి ఉంటే చాలు, ఆ డాక్టరు ఎలాంటిదని ఎవరూ అడిగేవాళ్ళు కాదు. పెనుకొండలో మా వీధికీ, చుట్టుపక్కల పల్లెల్లో సగానికీ నేనే మన మనిషిని.

మా పెద్ద డాక్టరమ్మ చెయ్యి మంచిది, అది చెప్పాలి. కానీ ఓపిక లేదు. ఒకసారి కోసిన కడుపు మళ్ళీ నొప్పులు పడితే పక్కన ఒక పగలంతా కాపలా ఉండాలి, కోస్తే గంటలో అయిపోతుంది. గుడిబండ నుంచి వచ్చిన ఒక రైతు భార్య, మొదటిది మీరు తీసినారు, ఇది నేనే కంటాను అని మొండికేసి ఆపరేషన్ కాగితం మీద వేలిముద్ర వేయనంటే, డాక్టరమ్మ నావైపు తిరిగి, నువ్వు కొంచెం చెప్పిచూడు అని భోజనానికి వెళ్ళిపోయింది. ఏం చెప్పమన్నదో చెప్పలేదు. నేను మంచం అంచున కూర్చున్నాను, నా నోట్లోంచి ముదిగుబ్బ మనిషి దానంతటదే ఊడిపడింది. ముదిగుబ్బే ఎందుకంటే, ఆ పక్కవాళ్ళు కదిరికో ధర్మవరానికో పోతారు గాని మా ఆస్పత్రికి రారు, అది నిజం కాదని చెప్పేవాళ్ళు ఎదురుపడరు. ఆ కాస్త తెలివి నాకు ఉండింది. వేలిముద్ర పడింది. డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ, నువ్వు లేకపోతే ఈ ఆస్పత్రి నడవదు అంది, ఆ ఒక్కమాట మత్తు నాకు నెల రోజులు దిగలేదు.

ఆ తర్వాత ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. కన్నడం వాళ్ళకు కన్నడంలో చెప్పేదాన్ని. పచ్చచీర తర్వాత కలిపాను. ఒకామె ఎంతకీ బెదరకపోతే పెద్దబిడ్డను తెచ్చి పక్కన కూర్చోబెట్టాను, బోండా అప్పుడు వచ్చింది. కుట్లు తెగే ప్రమాదం అసలు లేదని నేననను. ఉందనే డాక్టర్లంతా అంటారు, అందుకే అలాంటి కాన్పు థియేటరున్న చోటే, కనిపెట్టుకుని ఉండేవాళ్ళ దగ్గరే జరగాలి. కానీ నా కళ్ళతో నేను ఒక్కటి కూడా చూడలేదు. చూడనిదాన్ని చూసినట్టు చెప్పడంలో నాకంటే దిట్ట ఆ వీధిలో లేదు.

మా చెల్లెల్ని ధర్మవరంలో మగ్గాలవాళ్ళ ఇంటికి ఇచ్చారు. ఆరునెలల్లో పని నేర్చుకుని, గుంతమగ్గంలో కాళ్ళు దించి కూర్చుంటే మొగుడికంటే చక్కగా పట్టుచీర నేసేది, అంచు నేయాలంటే దాన్నే పిలిచేవాళ్ళు. మొదటి కాన్పు నేనున్నానని మా ఆస్పత్రికే వచ్చింది. బిడ్డ కాళ్ళవైపు నుంచి వస్తోందని కోశారు. ఆ తర్వాత అయిదు నెలలు అది మగ్గం గుంతలోకి దిగలేకపోయింది, గట్టుమీద కూర్చుని, తన మగ్గం మీద ఇంకొకరు నేస్తుంటే చూస్తూ ఉండిపోయింది. అందుకే మూడేళ్ళకు మళ్ళీ కడుపు వచ్చినప్పుడు దానికి ఉన్నది ఒకే కోరిక. నార్మల్‌గా కని, తొందరగా మగ్గంలో కూర్చోవాలి.

ధర్మవరంలో అప్పుడు ఒక ముసలి డాక్టరమ్మ ఉండేది. ఎక్కువ మాట్లాడదు, గంటలకొద్దీ కూర్చోవడం తెలిసిన మనిషి. ఆమె మా చెల్లెల్ని చూసి, నీ పాత కేసుకాగితం తీసుకురా, కోత ఎట్లా పెట్టినారో చూసి చెబుతాను అందట. ఈ కాలపు పిల్ల డాక్టరు నా కూతుర్ని అడిగిందీ అదే. చెల్లెలు నాకు కబురు చేసింది.

ఆ కాగితం బీరువా మూడో అరలో, నాడా కట్టిన కట్టలో దొరికింది. తీసి చదివాను. కోత కింద అడ్డంగా పెట్టారు, కారణం బిడ్డ తిరగబడి ఉండటం. అన్నేళ్ళు అక్కడ తిరిగినదాన్ని, దాని అర్థం నాకు తెలియకపోలేదు, మా చెల్లెలు హాయిగా కనగలదు. కానీ అది ధర్మవరంలో కంటే, నీ సొంత చెల్లెలే మన దగ్గరికి రాలేదేమని డాక్టరమ్మ అడగదా? నేను వేలిముద్రలు వేయించిన ఆడవాళ్ళు, నర్సమ్మ చెల్లెలికి మాత్రం ఏమీ తెగలేదే అనరా? కాగితం మళ్ళీ కట్టలో పెట్టి నాడా ముడివేశాను. చెదలు తినేశాయని కబురు పంపాను.

నెల తర్వాత పెనుకొండలో మా అమ్మ ఇంట్లో కలిశాం. అరుగుమీద వేరుశనక్కాయలు ఒలుస్తున్నాం. చెల్లెలు ఒలవడం ఆపి అడిగింది.

"అక్కా, ముదిగుబ్బ మనిషి సంగతి మా మగ్గాల కాడ అందరూ అంటాండారు. నువ్వు ఆస్పత్రిలోనే పనిచేస్తాండావు కదా, నిజమేనా? కాగితం లేకపోయినా చూస్తానంటాండాది ఆ డాక్టరమ్మ. నువ్వు నిజమంటే మాత్రం ఆడికి పోను."

నేను పుట్టించిన మనిషి హిందూపురం నుంచి ధర్మవరందాకా నడుచుకుంటూ పోయి, మా చెల్లెలి కడుపులో దూరి కూర్చుంది. అబద్ధమని నేను ఒక్కమాట అంటే ఆ మనిషి అక్కడే చచ్చిపోయేది. నాకు సిగ్గేసింది, అంతకంటే నా గొప్ప పోతుందని భయమేసింది. "నిజమే. ఆ బస్సులోనే ఉంటి, నా కళ్ళతో చూసినా" అన్నాను. మా అమ్మ, ఇంకేం, అక్క మాట విను అంది. చెల్లెలు మళ్ళీ కాయలు ఒలిచింది.

మా ఆస్పత్రికే వచ్చింది. కోశారు. ఎలాగూ తెరిచారు కదాని, చెల్లెలి మొగుడి సంతకం తీసుకుని పిల్లలు పుట్టకుండా కూడా చేసేశారు, దాన్ని అడగలేదు, ఆ సంతకం దగ్గర కలం అందించింది నేనే. బిడ్డ బాగుంది. కుట్లు చీముపట్టాయి. మానడానికి మూడునెలలు పట్టింది, మానాక కూడా మగ్గం గుంతలో వంగితే నడుమూ కడుపూ ఒకటై పట్టేసేవి. చివరికి దాని మొగుడు ఆ మగ్గాన్ని తన తమ్ముడికి ఇచ్చేశాడు. అంచులు నేసిన చెయ్యి అప్పటినుంచి పక్కవాళ్ళ మగ్గాలకు దారం కండెలు చుడుతోంది. అది నన్ను తిట్టి ఉంటే బాగుండేది. అది తిట్టలేదు. మా అక్క నా పానం కాపాడింది, ఆమె కళ్ళారా చూసింది అని ధర్మవరంలో కడుపుతో ఉన్న ప్రతి ఆడదానికీ చెబుతూ వచ్చింది. నేను పని మానేసి పన్నెండేళ్ళయినా నా పని ఆగలేదు.

ఆ హాల్లో ఆయా చెప్పడం ముగించేసరికి నా కూతురి మొహంలో రక్తం లేదు. నావైపు తిరిగింది.

"మ్మా, నువ్వు చూసినావు కదా? చిన్నమ్మ చెప్తానే ఉంటాది, నేనే పట్టించుకోలే."

ముప్పై ఏళ్ళ తర్వాత అదే ప్రశ్న, అదే కడుపు. ఈసారి చెప్పాను. "అబద్ధం. ఆ మనిషి లేదు. నేను కల్పించినా" అన్నాను. చెల్లెలి ముందే అన్నాను.

ఆయా నవ్వింది. "ఏం పెద్దమ్మా, ఆమె మా అత్త కోడలికి సొంత అక్క. బస్సులో ఎవురో వీడియో గూడా తీసినారు" అంది. ముప్పై ఏళ్ళ కిందటి మనిషికి వీడియో! నా కూతురు నా చేతిమీద చెయ్యివేసి, నాకు ధైర్యం చెప్పేకి ఇట్లంటాండావులే అంది. చెల్లెలు మాత్రం నన్ను చాలాసేపు చూసింది. ఆ తర్వాత ఆయావైపు తిరిగి, "అక్కకి వయసాయ. అన్నీ మర్సిపోతాంది" అంది.

లోపలికి పిలిచారు. నా కూతురు ఆపరేషన్‌కే తేదీ ఇమ్మంది. పాపం ఆ పిల్ల డాక్టరమ్మ కాగితం మళ్ళీ తీసి, వేలు పెట్టి చూపించి, పావుగంట చెప్పింది. నేను మధ్యలో దూరి, ఆ కథ కట్టింది నేనేనమ్మా అని ఏడ్చాను. ఆమె నన్ను చూసిన చూపు, నేను ఒకప్పుడు రోగుల వెంట వచ్చి గొడవచేసే ముసలివాళ్ళను చూసిన చూపే. అమ్మను బయట కూర్చోబెట్టండి అంది. తేదీ రాసిచ్చింది.

తిరుగుదారిలో బస్సులో చెల్లెలు కిటికీ పక్కన కూర్చుంది. పెనుకొండ కొండ కనిపించింది, బస్సు ఆగింది, నా కూతురు ముందు దిగింది. నేను సంచి అందుకుని లేస్తుంటే చెల్లెలు బయటికే చూస్తూ అడిగింది.

"అక్కా, ఆ పొద్దు నా కాగితం నిజంగానే చెదలు తినిందా?"

కండక్టరు తొందరపెడుతున్నాడు. చెల్లెలి చేతులు ఒళ్ళో ఉన్నాయి, వేళ్ళకు కండెల దారం గీసిన గీతలు. "తినింది" అన్నాను. అది తలూపింది. "అదేలే" అంది. బస్సు ధర్మవరం వైపు వెళ్ళిపోయింది.

ఇప్పుడు అన్నీ మారిపోయాయి. ఎర్రగచ్చు పోయి అద్దంలాంటి నేలలు వచ్చాయి, కాగితాలు ఫోన్లలో ఉంటున్నాయి, చెదలకు తినడానికేమీ లేదు. డాక్టర్ని మనమే వెతుక్కోవచ్చు, ప్రశ్నలు అడగవచ్చు, నచ్చకపోతే లేచి రావచ్చు. మా చెల్లెలికి అలాంటి కాలం దక్కి ఉంటే ఎంత బాగుండేదని ఇప్పుడు నేను కళ్ళు తుడుచుకుంటాను, దక్కకుండా చేసిన చేతులతోనే. నా కూతురికి ఆ కాలం దక్కింది, దాన్నీ నిలబడనివ్వలేదు.

వచ్చే నెల మొదటి గురువారం దానికి ఆపరేషన్. పక్కన తోడు ఎవరుంటారని ఆస్పత్రిలో అడిగితే, మా అమ్మ నర్సు, మన మనిషి ఉంటే నాకు భయముండదు అని నా పేరే రాయించింది.