సుగుణ టీచరమ్మ సొరతీగ

ఈ ఉదయం బాల్కనీలో చెత్త బకెట్ మూత తీయగానే మగ్గిన అరటితొక్కల వాసన గుప్పుమంది. మా ఆయన ముక్కు మూసుకుని గబగబా లోపలికి తప్పుకున్నారు. నాకు మాత్రం హన్మకొండలో మా పై వాటాలో అద్దెకుండిన సుగుణ టీచరమ్మ గుర్తుకొచ్చారు.

బడి నుంచి రిటైరయ్యాక ఆమె డాబా మీద కూరగాయలు పెంచేవారు. వాటికి ఎరువు మా వీధిలోని నాలుగిళ్ల వంటింటి చెత్త. రోజూ పొద్దున్నే కళ్లజోడు సవరించుకుని, ఒక్కొక్కరి బకెట్‌ను పరీక్ష పేపరు దిద్దినట్టు చూసి గాని ఎరువు మగ్గబెట్టే డ్రమ్ములో వేసేవారు కాదు. కొత్త కోడలిగా నాకది పరువు సమస్య. ఒకసారి మాడిన పప్పును కొత్తిమీర కాడల కింద దాచి ఇచ్చాను. ఆమె కాడలు వేలితో పక్కకు జరిపి, "మంట జర తగ్గియ్యాలె బిడ్డా" అన్నారు, అంతే. మా అత్తగారికి తెలియని సంగతులు కూడా ఆ డ్రమ్ముకు తెలిసేవి.

ఆ ఏడాది ఆమె ప్రాణమంతా ఒక సొరతీగ మీద ఉంది. వాళ్ల చర్చిలో కోతపండుగకు ఎవరి పంట వాళ్లు తెచ్చి దేవుడి ముందు పెడతారు, తర్వాత వేలం వేస్తారు. నెక్కొండ నుంచి ఆమె ఆడపడుచు ఏటా గంపంత గుమ్మడికాయ తెచ్చి, డాబా మీద ఏం పండుతుందని నవ్వేదట. ఈసారి ఆ నవ్వు ఆపాలన్నది టీచరమ్మ పంతం.

సరిగ్గా అప్పుడే నేనొక ఘనకార్యం చేశాను. తడి గరిటె పెట్టి అత్తగారి ఆవకాయ జాడీకి బూజు పట్టించాను. ఆవిడ ఊరి నుంచి వచ్చేలోగా జాడీ ఖాళీ చేస్తే, చుట్టాలకు పంచానని చెప్పుకోవచ్చు. ఉప్పూ కారమూ నూనెతో సహా మొత్తం తీసుకెళ్లి, టీచరమ్మ లేని సమయం చూసి డ్రమ్ములో కుమ్మరించి కలిపేశాను. ఆ ఎరువే సొరతీగకు వెళ్లింది.

పది రోజుల్లో ఆకులు అంచుల నుంచి ఎండిపోతూ వచ్చాయి, పిందెలు రాలిపోయాయి. ఒక్క కాయ మాత్రం జానెడు దగ్గర ఆగిపోయింది. ఆమె తీగ పక్కన స్టూలు వేసుకుని, ఏం పాపం చేశానో అని తనను తాను తిట్టుకుంటుంటే రెండు రోజులు కింద నుంచి విన్నాను. మూడో రోజు మెట్లెక్కి అంతా చెప్పేశాను.

ఆమె గోడ మీంచి ఎర్రటి నూనె పట్టిన మామిడి టెంక ముక్క తీసి నా చేతిలో పెట్టారు. "తీగ వాడంగనే డ్రమ్ము తోడి చూసిన. మీ ఇంటి ఆవకాయని ఎరుకే. మస్తు కోపమొచ్చింది బిడ్డా."

మరి మూడు రోజులుగా మిమ్మల్ని మీరు ఎందుకు తిట్టుకున్నారని అడిగాను.

"నీకు వినబడాలెననే."

శిక్షగా ఆ జానెడు కాయను చర్చికి నా చేతే మోయించారు. గుమ్మడికాయ పక్కన దాన్ని పెడుతుంటే సిగ్గుతో చచ్చాను. వేలంలో ఇదేం కాయని ఎవరో అడిగితే టీచరమ్మ లేచి, ఇది ఆవకాయ తిని పెరిగిందని, కూరకు ఉప్పు కూడా అక్కర్లేదని చెప్పారు. చర్చంతా నవ్వులే. ఆ నవ్వుల్లో పాట పెరిగి పెరిగి గుమ్మడికాయను దాటిపోయింది. చివరికి పాడుకున్నది ఆ ఆడపడుచే.

టీచరమ్మ ఇప్పుడు లేరు. ఆమె లేని లోటు నాకు ఈ బకెట్ దగ్గరే ఎక్కువగా తెలుస్తుంది. ఇవాళ కూడా అలవాటుగా అరటితొక్కలు వేలితో పక్కకు జరిపాను. అడుగున మాడిన ఉప్మా, గిన్నె పెచ్చులతో సహా. మా ఆయన అంత గబగబా ఎందుకు తప్పుకున్నారో అర్థమైంది.

బాల్కనీలోని వంగమొక్క పక్కన స్టూలు వేసుకుని, వంటింట్లోకి వినబడేటట్టు నన్ను నేను తిట్టుకోవడం మొదలుపెట్టాను.