బడికాడ దప్పికయ్యే జీపు

ఆదిమూలానికి తొందరంటే గిట్టదు. కార్వేటినగరానికీ పుత్తూరికీ మధ్య జనాన్ని వేసుకుని జీపు తోలేవాడు గానీ, అది జీపు తోలినట్టు ఉండేది కాదు, పచ్చి బాలింతను నడిపించుకుపోతున్నట్టు ఉండేది. సైకిలోళ్లు వెనక కడ్డీ పట్టుకుని కొంతదూరం వచ్చి, విసుగుపుట్టి, వదిలేసి ముందుకు పోయేవాళ్లు.

ఒకసారి పెండ్లికి పోతున్న దామోదరం లబలబలాడినాడు.

"ముహూర్తం దాటిపోతాదప్పా. కొంచెం తొక్కు."

"దిగి నడువప్పా. ముందుపోయి, నేనొస్తా ఉండానని చెప్పు."

దామోదరం నిజంగానే దిగి నడిచినాడు. అతను అక్షింతలకు అందినాడు. జీపులోనే కూర్చున్న పెండ్లాం ఎంగిలాకులు ఎత్తేటప్పటికి చేరింది.

అందరూ నవ్వేవాళ్లు, ఒక్క గురవమ్మ తప్ప. పుత్తూరులో పూలమ్ముకుని సాయంత్రం అదే జీపులో తిరిగొచ్చేది. దోవలో బడికాడ మలుపు వస్తూనే కొంగు ముఖం మీదికి లాక్కుని కండ్లు మూసుకునేది. ఆమె బిడ్డ ధరణి, ఏడో తరగతి, బడి వదిలినాక రోడ్డు దాటతా వ్యాను కిందపడి ప్రాణం విడిచింది ఆడనే. తిరుమల దర్శనం టైము దాటిపోతాదని వ్యానులోళ్లు తొందరపెట్టి గాలి మాదిరి తోలించుకొచ్చినారంట. దేవుడు కొండ దిగి యాడికి పోతాడు? డ్రైవరు జరిమానా కట్టి, మళ్లీ స్టీరింగు పట్టుకున్నాడు. వాళ్లకు దర్శనం బాగానే జరిగిందంట.

ఆ తర్వాత వేగం ముప్పై దాటకూడదని ఆఫీసర్లు బోర్డు నాటినారు. పిల్ల ప్రాణం పోయిన చోట నాటింది కదా, శక్తి ఉంటాదని ఊరోళ్లు ఆయుధపూజకు దానికి పసుపు పూసినారు, కుంకుమ పెట్టినారు, నిమ్మకాయల దండ వేసినారు. ముప్పై కాస్తా పసుపు కింద మునిగిపోయింది. లారీవాళ్లు స్టీరింగు వదిలి రెండు చేతులా దండం పెట్టుకుని, ఆపైన తొక్కేవాళ్లు.

ఆదిమూలం జీపుకు సరిగ్గా బడి వదిలే వేళకు అక్కడే దప్పికయ్యేది. రోడ్డుకు అడ్డంగా ఆపి, బానెట్టు ఎత్తి, చెంబుతో నీళ్లు పోస్తా నిలబడేవాడు.

"నీ జీపుకు ఈడ తప్ప ఇంకెక్కడా దప్పిక కాదేమప్పా?" అనేవాడు దామోదరం.

"పుత్తూరు నుంచి మీ మాటలు మోసుకొస్తాది. గొంతెండదా?"

గురవమ్మ ఒకరోజు నోరు తెరిచి అడిగింది. "బడికాడ ఒక్కచోట గబుక్కున దాటించన్నా. నా వల్ల కావడం లేదు."

"సూద్దాంలేమ్మా."

మరునాడు ఇంకో చెంబు ఎక్కువే పోసినాడు.

గురవమ్మకు ఒళ్లు మండింది. నా కడుపుకోత ఇతనికి కాలక్షేపమయింది అనుకుని, బుట్ట చంకన పెట్టుకుని దిగేసింది.

"నడిచే పోతా. నువ్వు నీ జీపుకు తాపుకుంటా కూర్చో."

జీపు దాటి ముందుకు పోయి, ఇన్నాళ్లకు ఆ మలుపులో కండ్లు తెరిచి చూసింది.

ఎత్తిన బానెట్టుకు అవతల బడిపిల్లలు ఒకరి వెనక ఒకరు రోడ్డు దాటతా ఉన్నారు. ఆదిమూలం చెంబు వంచి పోస్తానే ఉన్నాడు. అందులో చుక్క నీళ్లు లేవు.

రెండు జడల పిల్లను ఆపి అడిగింది. "ఇట్లా రోజూ దాటతారా?"

"ఔనవ్వా. బోర్డును నమ్మొద్దు, తాత చెంబెత్తితేనే దాటమని చెప్పింది మాయమ్మ."

గురవమ్మ ఆదిమూలం వైపు చూసింది. అతను రేడియేటరు వైపు చూసినాడు.

జీపు వెనక లారీ, దాని వెనక రెండు బస్సులు, ఒక కారు. హారన్లతో చెవులు చిల్లులు పడతా ఉన్నాయి. లారీవాడు తల బయటపెట్టినాడు.

"ఏం పెద్దాయనా, నీ బండికి చక్రాలుండాయా, లేవా?"

ఆదిమూలం ఖాళీ చెంబును ఇంకొంచెం వంచినాడు. బిడ్డ పోయినప్పటి నుంచి ఎవరి మీదా గొంతెత్తని గురవమ్మ నడిరోడ్డులోకి వచ్చి నిలబడింది.

"ఉండాయి నాయనా. నమ్మకం లేకుంటే దిగొచ్చి లెక్కపెట్టుకో. నిదానంగా లెక్కపెట్టు, పిల్లోళ్లు ఇంకా దాటతా ఉండారు."