నీళ్ళు తాకని చొక్కా

పెద్దమ్మ రోజూ పొద్దున్నే ఉతుకుడు గది తాళం తీసి, లైటు వేసి, మిషను జోలికి పోకుండా ముందు ఒక స్టూలు లాక్కుని కూర్చునేది. బుట్టలోంచి ఆటగాళ్ళ చొక్కాలు ఒక్కొక్కటే తీసి, లోపలి వైపు పైకి వచ్చేలా తిప్పేది. వీపు మీది అంకెలు చెడిపోకుండా ఉండాలంటే తిప్పే ఉతకాలి, అది పని. తిప్పేటప్పుడు ఆ చొక్కా తొడుక్కునేవాడి గురించి దేవుడికి ఒక మాట చెప్పుకునేది, అది అలవాటు. నాలుగో నంబరు వాడి మోకాలు కాస్త చూడు తండ్రీ. పదకొండో వాడి భార్యకి ఇది తొమ్మిదో నెల. తొమ్మిదో వాడికి గోల్స్ సంగతి తర్వాత, ముందు ఆ కోపం తగ్గించు. ఇరవై ఆరేళ్ళలో ఆ క్లబ్బుకి ఎందరో కోచ్‌లు వచ్చారు, పోయారు. ఎవరి లెక్కల్లోనూ ఈ ప్రార్థన లేదు.

ఆ క్లబ్బు ఆడేది దేశంలో అన్నిటికన్నా పెద్ద ఫుట్‌బాల్ లీగులో. పద్దెనిమిది జట్లు, ఏడాదికి ముప్ఫై నాలుగు మ్యాచ్‌లు, సగం సొంత మైదానంలో, సగం బయట. పట్టికలో అడుగున మిగిలిన రెండు జట్లూ కింది డివిజన్‌కి దిగిపోవాలి. ఆ ఏడాది ఇరవై మ్యాచ్‌లయ్యేసరికి మా జట్టు రెండే గెలిచి, మిగతా పదిహేడు జట్ల బరువూ నెత్తిన మోస్తున్నట్టు పట్టిక అడుగున కూర్చుంది. దిగిపోతే బట్టలుతికే పని బయటి కంపెనీకి ఇచ్చేస్తారట. ఆ కబురు మోసుకొచ్చిన ఆఫీసు గుమాస్తా మంచివాడు. చాలాసేపు నీళ్ళు నమిలి, చివరికి, "మీ మిషను కూడా వాళ్ళే తీసుకుంటార్లే పెద్దమ్మా" అని, అదే ఓదార్పు అనుకుని వెళ్ళిపోయాడు.

ఇంటి దగ్గర పెదనాన్న ఇంకో రకం. నలభై ఏళ్ళు బస్సు నడిపిన మనిషి. ఏ సంగతైనా బస్సులోకి ఎక్కించందే ఆయనకి అర్థం కాదు. బ్రేకుల్లేని బస్సు మీ జట్టుకంటే నయం, కనీసం ముందుకు పోతుంది అనేవాడు. అంటూనే, ఆవిడ చేతులు సబ్బుకి పగిలిపోతున్నాయని రాత్రి తను వాడే కాళ్ళ మందు డబ్బా ఆవిడ దిండు పక్కన పెట్టేవాడు.

ఇరవై ఒకటో మ్యాచ్ సొంత మైదానంలో. ముందురోజు సాయంత్రం పెద్దమ్మ చొక్కాలు మిషనులో వేసి మీట నొక్కింది. అది ఒకసారి మూలిగి, చొక్కాల్ని కడుపులో పెట్టుకుని బిగుసుకుపోయింది. నీళ్ళు లోపలికి రాలేదు, తలుపు బయటికి రాలేదు. రెండో జత చొక్కాలేమో కొత్త అంకెలు వేయించడానికి వెళ్ళి ఉన్నాయి. మర్నాడు మెకానిక్ వచ్చి, మ్యాచ్ ఇంకో గంట ఉందనగా తలుపు ఊడదీశాడు. అట్టల్లా ఎండిన మట్టి చొక్కాలు బయటపడ్డాయి. పెద్దమ్మకి తల కొట్టేసినట్టయింది. బ్రష్షుతో దులిపినంత దులిపి, ఒక్కొక్కరికీ చేతికిస్తూ క్షమించమని అడిగింది. "పోనిద్దూ పెద్దమ్మా, ఎలాగూ మళ్ళీ మాపేవే కదా" అన్నాడు గోల్‌కీపరు. పొడుగ్గా, నెమ్మదిగా ఉంటాడు. అప్పటికి ఎన్ని గోల్స్ వదిలాడో, జనం అతనికి గేటు అని పేరు పెట్టారు.

ఆ రోజు పట్టికలో రెండో స్థానంలో ఉన్న జట్టుని మావాళ్ళు మూడు గోల్స్ తేడాతో ఓడించారు.

తర్వాతి వారం బయటి ఊళ్ళో, మల్లెపువ్వుల్లాంటి తెల్ల చొక్కాల్లో ఆడి నాలుగు గోల్స్ తేడాతో ఓడిపోయారు. దాంతో తీర్పు అయిపోయింది. ఆటగాళ్ళు ముందు వేళాకోళంగా అడిగారు, తర్వాత నిజంగానే అడిగారు: సొంత మైదానం చొక్కాలు ఉతకొద్దు. కోచ్ చదువుకున్నవాడు. తెర మీద ఎర్రగీతలు, నీలిగీతలు గీసి, ఎవరు ఎన్ని అడుగులు పరుగెత్తారో దశాంశాలతో సహా చెప్పగలడు. ఆయన నవ్వి ఊరుకుంటాడనుకుంది పెద్దమ్మ. ఆయన నవ్వలేదు. 'తదుపరి ఉత్తర్వుల వరకు ఈ చొక్కాలు ఉతకరాదు' అని కాగితం టైపు చేయించి, సంతకం పెట్టి, ఉతుకుడు గది తలుపుకే అంటించాడు.

మావాళ్ళు మట్టి చొక్కాలతో ఇంకోటి గెలిచారు, మరోటి సమం చేశారు. టీవీవాళ్ళు వచ్చి మరకల్ని దగ్గరనుంచి చూపించారు. అభిమానులు పిల్లలకి కూడా మాసిన చొక్కాలు వేసి తీసుకురావడం మొదలుపెట్టారు. చొక్కా రొమ్ము మీద పేరున్న కంపెనీ బట్టల సబ్బు కంపెనీ. ముందు వాళ్ళు కోపంగా ఉత్తరం రాశారు. తర్వాత 'మా సబ్బు కోసం ఎదురుచూస్తున్న చొక్కా' అని వాళ్ళే ప్రకటన వేసుకున్నారు. గేటు కాస్తా గోడ అయ్యాడు. ఇంత సంబరంలో ఒక్క పెద్దమ్మే, పొయ్యి రాజేయొద్దన్న వంటమనిషిలా, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చొక్కాలు తిప్పడం మాత్రం మానలేదు. ఉతకొద్దన్నారు కానీ ప్రార్థన చెయ్యొద్దని కాగితంలో లేదు కదా.

అలా తిప్పుతుండగానే ఒకరోజు గోల్‌కీపరు చొక్కా కుడి మోచేతి దగ్గర, మట్టి కింద, పసుపుపచ్చగా చీము తడి కనిపించింది. సాయంత్రం అతన్ని పిలిచి చెయ్యి మడవమంది. మోచెయ్యి దోక్కుపోయి, చుట్టూ ఎర్రగా వాచి ఉంది.

"డాక్టరుకి చూపించావా?"

"చూపిస్తే పక్కన కూర్చోబెడతాడు పెద్దమ్మా. ఇప్పుడు కూర్చోబెడితే మళ్ళీ లేపరు. నువ్వు ఎవరికీ చెప్పకు."

ఎవరికీ చెప్పనని మాటిచ్చింది. పుండు దాచిపెడితేనే తనకి మంచిదనుకుంటున్నాడు, పాపం. కుళ్ళిన గుడ్డ పుండు మీద రుద్దుకుంటే ఏమవుతుందో ఇరవై ఆరేళ్ళు ఉతికిన చేతులకి తెలుసు. ఉతికితే, ఆ తర్వాత జట్టు ఓడితే, ఊరంతా ఆవిడ వైపే వేలు చూపిస్తుంది. ఉద్యోగం ఎలాగూ పోతుంది, పేరు కూడా పోతుంది. ఉతక్కపోతే ఆ పిల్లాడి చెయ్యి పోతుంది. ఆ రాత్రి పెద్దమ్మ ఎప్పటికన్నా ఎక్కువసేపు దేవుడితో మాట్లాడింది. ఆయన ఏమన్నాడో చెప్పలేదు కానీ, తెల్లారగానే చొక్కాలన్నీ సంచిలో కుక్కి ఇంటికి తెచ్చేసింది.

అక్కడినుంచి మొదలైంది అసలు పని. ముందు పాత నోటుపుస్తకంలో చొక్కాకో పేజీ చొప్పున మరకల బొమ్మలు గీసుకుంది: ఐదో నంబరుకి భుజం మీద పచ్చిగడ్డి చార, తొమ్మిదికి పొట్ట మీద అరచెయ్యంత. ఆ తర్వాత మరిగే నీళ్ళలో నానబెట్టి, తీరిగ్గా, తనివితీరా ఉతికింది. ఆరాక మైదానం నుంచి డబ్బాలో తెచ్చిన మట్టిని గుడ్డలో జల్లించి, అందులో పురుగూ పుట్రా చావాలని పెదనాన్నకి అట్లు పోసే పెనం మీద దోరగా వేయించి, నీళ్ళతో కలిపి, బొమ్మ చూసుకుంటూ ఎక్కడి మరక అక్కడ పెట్టింది. ఉతికినందుకు కాదు తండ్రీ, మాపినందుకు క్షమించు అనుకుంటూ పెట్టింది.

పెదనాన్న గుమ్మంలో నిలబడి చూశాడు. "ఎక్కిన ప్రయాణికుల్ని దించి, మళ్ళీ అదే స్టాపులో ఎక్కించుకున్నట్టుంది నీ వరస," అన్నాడు. పెనం సంగతి మాత్రం అడగలేదు. మర్నాడు తనే ఇంకో పెనం కొనుక్కొచ్చాడు.

చొక్కాల్ని తిరిగి క్లబ్బులో తగిలించాక, కంపు లేదేమిటని ఎవరైనా అడుగుతారేమోనని భయపడింది. ఆ విషయంలో దేవుడు ముందే సాయం చేసి ఉంచాడు. నెలన్నరకే ఆ గదిలో అందరి ముక్కులూ పని మానేశాయి.

మావాళ్ళు సొంత మైదానంలో గెలుస్తూనే ఉన్నారు, బయట ఓడుతూనే ఉన్నారు. బయటి చొక్కాలు శుభ్రంగా ఉండబట్టేనని కోచ్ గీతలు గీసి నిరూపించాడు. ప్రతి మ్యాచ్ ముందూ పెద్దమ్మ ఉతికి, మాపి, తగిలించింది. గోల్‌కీపరు మోచెయ్యి మెల్లగా చెక్కు కట్టింది. మట్టి మహిమ అన్నాడతను. అవును నాయనా అంది పెద్దమ్మ.

చివరి మ్యాచ్ సొంత మైదానంలో. సమం చేస్తే చాలు, జట్టు పెద్ద లీగులో నిలుస్తుంది. ఓడితే దిగిపోతుంది. ఆ కంగారులో పెద్దమ్మ చేతికి ఇరవై ఆరేళ్ళ అలవాటే అడ్డం పడింది. గోల్‌కీపరు చొక్కా బొమ్మ గీయకముందే తిప్పేసింది. లోపలికి ఇంకిన మరకని చూసి గీసుకుంది. తిప్పిన చొక్కాలో కుడి ఎడమవుతుంది కదా. ఉతికి, బొమ్మ చూసి, మోచేతి మట్టిని ఎడమ చేతికి పెట్టింది.

మ్యాచ్ రోజు గోల్‌కీపరు చొక్కా అందుకుని ఎడమ చెయ్యి చూశాడు. కుడి చెయ్యి చూశాడు. తర్వాత పెద్దమ్మని చూశాడు. గదిలో పదిమంది ఉన్నారు, కోచ్ ఉన్నాడు, ఒక్క మాట చాలు. అతను ఆ మాట అనలేదు. చొక్కా ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా వాసన చూసి, "అబ్బ, ఏం కంపు," అని మొహం చిట్లించి తొడిగేసుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ధైర్యం వచ్చినట్టు నవ్వారు.

చెరో గోల్‌తో సమంగా ఉండగా, ఆఖరి నిమిషాల్లో అవతలివాళ్ళకి పెనాల్టీ దొరికింది. గోల్‌కీపరు కుడివైపు దూకాడు. బంతి మానిన మోచేతికి తగిలి బయటికి పోయింది. జట్టు నిలిచింది. పెద్దమ్మ ఉద్యోగమూ నిలిచింది, మిషనూ మిగిలింది.

ఆ తర్వాత కోచ్ ఊరూరా తిరిగి నమ్మకం గురించి ఉపన్యాసాలిచ్చాడు. క్లబ్బు ఆఫీసు గుమ్మంలో అద్దాల పెట్టె చేయించి, గోల్‌కీపరు చొక్కాని అందులో పెట్టారు. కింద ఇత్తడి రేకు మీద 'ఏడు మ్యాచ్‌లు నీళ్ళు తాకని చొక్కా' అని చెక్కించారు. బడిపిల్లల్ని మాస్టర్లు వరసగా తీసుకొచ్చి చూపిస్తారు. పెద్దమ్మ రోజూ పొద్దున్న దాని ముందునుంచే ఉతుకుడు గదికి వెళ్ళాలి. వారం రోజులు తల వంచుకుని వెళ్ళింది. ఎనిమిదో రోజు, సెలవు మీద వెళ్ళబోతున్న గోల్‌కీపరు వీడ్కోలు చెప్పడానికి వచ్చాడు. ఆవిడ అతన్ని పెట్టె దగ్గరికి తీసుకెళ్ళి, అటూ ఇటూ చూసింది.

"నీకు ఏమైనా కావాలా పెద్దమ్మా?" అన్నాడు.

"నువ్వడిగితే కాదనరు నాయనా. ఒక్క పూటకి ఈ పెట్టె తాళంచెవి తెచ్చిపెట్టు. పుండు నీకు కుడి చేతికైతే, ఇంతమంది పిల్లలు వచ్చి ఎడమ చెయ్యి చూసి పోతున్నారు. ఉతికి, ఆరేసి, ఆ మట్టిని సరైన మోచేతికి పెట్టి సాయంత్రానికల్లా తెచ్చేస్తాను."